తొమ్మిదింతల బరువు

గంటకు 900 కిలోమీటర్ల వేగంతో పోతున్న ఒక యుద్ధ విమానం కిలోమీటరు వ్యాసార్ధంతో మలుపు తిరుగుతోంది అనుకుందాం. గంటకు 900 కిలోమీటర్లంటే సెకనుకు 250 మీటర్లు. హైస్కూల్లో నేర్చుకున్న సూత్రం చాలు, లెక్క కట్టేయవచ్చు. వేగాన్ని వేగంతో హెచ్చించి, వ్యాసార్ధంతో భాగిస్తే త్వరణం వస్తుంది. 250ని 250తో హెచ్చిస్తే 62,500. దాన్ని 1,000తో భాగిస్తే 62.5. భూమి మనల్ని కిందికి లాగే త్వరణం 9.8. అంటే ఆ మలుపులో పైలట్ మీద పడే భారం భూమ్యాకర్షణకు ఆరు రెట్లు దాటిపోయింది. ఈ రెట్లనే ‘జి’ అనే కొలతలో చెబుతారు. ప్రస్తుతం ఈ పేజీ చదువుతున్న మీ మీద ఉన్నది 1 జి. ఆ పైలట్ మీద ఉన్నది 6 జి పైచిలుకు. అదే వేగంతో మలుపును 700 మీటర్లకు బిగిస్తే 9 జి అవుతుంది.

మన వైమానిక దళంలోని సుఖోయ్-30, రఫేల్ 9 జి వరకూ తట్టుకునేలా తయారయ్యాయి. తేజస్ పరిమితి 8 జి. గాలిలో శత్రువును తప్పించుకోవాలన్నా, అతని వెనక్కి చేరాలన్నా మలుపు ఎంత బిగుతుగా తిరగగలమన్నదే కీలకం. లోహానికి, కార్బన్ ఫైబర్‌కూ ఈ భారం లెక్కలో వేసుకున్నదే. మరి లోపల కూర్చున్న మనిషికి?

70 కిలోల మనిషి 9 జి దగ్గర 630 కిలోలు తూగుతాడు. హెల్మెట్‌తో కలిపి ఆరున్నర కిలోలుండే తల 58 కిలోలవుతుంది. బుగ్గలు కిందికి జారతాయి, కనురెప్పలు వాలిపోతాయి, ఆక్సిజన్ మాస్కు ముక్కు మీంచి కిందికి దిగజారాలని చూస్తుంది. ఒళ్లో ఉన్న చేతిని ఎత్తి ఎదురుగా ఉన్న స్విచ్ నొక్కడం దాదాపు అయ్యే పని కాదు. అందుకే నేటి యుద్ధ విమానాల్లో అవసరమైన మీటలన్నీ విమానాన్ని నడిపే స్టిక్, ఇంజిను శక్తిని మార్చే థ్రాటిల్ మీదే అమరుస్తారు. చేతులు కదపకుండా వేళ్లతోనే పని జరిగిపోవాలి.

కండలకూ ఎముకలకూ ఇది కష్టమే. కానీ పైలట్ ప్రాణం మీదికి తెచ్చేది వేరే ఉంది. అది రక్తం బరువు.

గుండె నుంచి కంటి దాకా

కూర్చున్న మనిషిలో గుండెకూ కళ్లకూ మధ్య ఎత్తు సుమారు 30 సెంటీమీటర్లు. యుద్ధ విమాన వైద్యమంతా ఈ ఒక్క మూరెడు కన్నా తక్కువ దూరం చుట్టూనే తిరుగుతుంది.

ఇంటి సంపులోని మోటారు మేడ మీద ట్యాంకుకి నీళ్లెక్కించడం అందరం చూసేదే. ఆ నీళ్ల బరువు ఉన్నట్టుండి నాలుగింతలైతే? మోటారు అదే, పైపు అదే, మేడ ఎత్తూ అదే. అయినా నీళ్లు సగంలోనే ఆగిపోతాయి. గుండె పరిస్థితి అలాంటిదే.

దీన్నీ లెక్కలోనే చూద్దాం. 120/80 బీపీ ఉన్న ఆరోగ్యవంతుడి గుండె దగ్గర సగటు పీడనం దాదాపు 95 మిల్లీమీటర్ల పాదరసం. 30 సెంటీమీటర్ల రక్తపు నిలువు బరువు 1 జిలో 23 మిల్లీమీటర్లకు సమానం. కాబట్టి కూర్చున్నప్పుడు కంటి దగ్గర మిగిలేది 72. 2 జి దగ్గర 49. 3 జి దగ్గర 26. 4 జి దగ్గర 3. ఆ పైన ఏమీ లేదు. గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, రక్తం మాత్రం తలకెక్కదు. పొట్టలోకీ తొడల్లోకీ పిక్కల్లోకీ దిగిపోయి అక్కడే నిలిచిపోతుంది. కిందికి దిగిన రక్తం తిరిగి రాకపోతే గుండెకు పంపడానికి కూడా సరుకు తగ్గిపోతుంది. దెబ్బ మీద దెబ్బ.

కాగితం మీద వేసిన ఈ లెక్క మనుషుల్లో కొలిచిన అంకెలకు ఎంత దగ్గరగా ఉందో చూడండి. 1950లలో అమెరికా నౌకాదళ పరిశోధకులు వెయ్యి మందిని సెంట్రిఫ్యూజ్ అనే తిరుగుడు యంత్రంలో తిప్పి చూశారు. కాళ్లనూ పొట్టనూ పిండే జి-సూటు వేసుకోకుండా, కండలు బిగించకుండా కూర్చున్నవాళ్లకు సగటున 4.1 జి దగ్గర చూపు మసకబారింది. 4.7 దగ్గర పూర్తిగా పోయింది. 5.4 దగ్గర స్పృహ తప్పింది.

ఇక్కడ జిరాఫీని తలుచుకోవాలి. దాని తల గుండెకు దాదాపు రెండు మీటర్ల ఎత్తున ఉంటుంది. అంత ఎత్తుకు రక్తం పంపడానికి దాని గుండె మన బీపీకి రెట్టింపు పీడనంతో కొడుతుంది. కాళ్ల చర్మం, దాని కింద పొర గట్టిగా బిగిసి ఉండి, రక్తం కాళ్లలోకి దిగి నిలిచిపోకుండా కాస్తాయి. లక్షల ఏళ్ల పరిణామంలో జిరాఫీకి అబ్బిన ఈ రెండు ఉపాయాలనే, ఎక్కువ పీడనం, కాళ్లకు బిగుతు, పైలట్ కోసం శాస్త్రజ్ఞులు కృత్రిమంగా కల్పించాల్సి వచ్చింది.

ముందు చూపు, తర్వాత స్పృహ

పైన చెప్పిన అంకెల్లో ఒక విశేషం ఉంది. మెదడు కన్నా ముందు కన్ను ఓడిపోతోంది. దీనికి కారణం కంటి నిర్మాణమే. కనుగుడ్డు గుండ్రంగా నిలబడాలంటే లోపల కొంత ఒత్తిడి ఉండాలి. అది సుమారు 15 మిల్లీమీటర్లు. రెటీనాకు చేరే రక్తం ఆ ఒత్తిడిని తోసుకుని లోపలికి రావాలి. రక్తపీడనం అంతకన్నా తగ్గిన క్షణాన కంటి ధమనులు నొక్కుకుపోతాయి. మెదడుకు అలాంటి అడ్డు లేదు. పైగా పుర్రెలోని ద్రవం పీడనం, తల నుంచి కిందికి వచ్చే సిరల్లోని పీడనం కూడా జితో పాటు పడిపోతాయి కాబట్టి రక్తప్రవాహం ఇంకాసేపు సాగుతుంది.

రెటీనాలో కూడా ధమనికి దూరంగా ఉన్న అంచులు ముందు ఆరిపోతాయి. మొదట రంగులు వెలిసిపోతాయి, అంతా బూడిద రంగు. పక్కచూపు ముడుచుకుంటూ వస్తుంది, సొరంగంలోంచి చూస్తున్నట్టు నడిమి వలయం మాత్రమే మిగులుతుంది. తర్వాత అదీ పోయి చీకటి. ఆ చీకట్లో పైలట్‌కు స్పృహ ఉంటుంది, మాటలు వినిపిస్తాయి, ఆలోచించగలడు, కనిపించదు అంతే. ఒక్కసారిగా లేచి నిలబడితే కళ్లు బైర్లు కమ్మడం మనలో చాలామందికి అనుభవమే. దానికీ దీనికీ మూలం ఒకటే.

నిజానికి ఈ మసక ఒక వరం. ప్రమాదం దగ్గర పడిందని చెప్పే గంట అది. అది మోగగానే స్టిక్ కాస్త వదిలితే చాలు, రెండు మూడు సెకన్లలో చూపు తిరిగొస్తుంది. కానీ ఈ గంట ఎప్పుడూ మోగుతుందన్న నమ్మకం లేదు. కారణం కాలం.

రక్తం ఆగిపోయినా మెదడు తనలో మిగిలిన ఆక్సిజన్‌తో నాలుగైదు సెకన్లు పనిచేస్తుంది. మెడలోని కరోటిడ్ ధమని దగ్గర పీడనాన్ని పసిగట్టే నాడులున్నాయి. పీడనం పడిపోయిందని గ్రహించి గుండె వేగాన్ని పెంచి, రక్తనాళాలను బిగించి పరిస్థితి చక్కబెట్టడానికి వాటికి ఆరు నుంచి తొమ్మిది సెకన్లు పడుతుంది. పాత విమానాల్లో జి నెమ్మదిగా పెరిగేది. శరీరానికి సర్దుకునే వ్యవధి దొరికేది. 1974లో తొలిసారి ఎగిరిన ఎఫ్-16తో ఆ రోజులు పోయాయి. కంప్యూటర్ అదుపులో నడిచే ఆ విమానం ఒకటి రెండు సెకన్లలోనే భారాన్ని 9 జికి చేర్చగలదు. అంత దూకుడుగా జి పెరిగితే చూపు మసకబారకుండానే, ఏ హెచ్చరికా లేకుండానే పైలట్ నేరుగా స్పృహ కోల్పోతాడు. శరీరం మేలుకునేసరికి మెదడు నిద్రపోయి ఉంటుంది.

ఆ ఇరవై నాలుగు సెకన్లు

ఇలా స్పృహ తప్పడాన్ని పైలట్లు ‘జి-లాక్’ అంటారు. సెంట్రిఫ్యూజ్‌లో తీసిన వీడియోల్లో అది ఇలా ఉంటుంది. కళ్లు తెరిచే ఉంటాయి, చూపు మాత్రం ఎక్కడో శూన్యంలోకి. తల ముందుకో పక్కకో వాలిపోతుంది. స్టిక్ మీది చేయి జారిపోతుంది. సుమారు 12 సెకన్లు మనిషి ఉన్నాడే గానీ లేడు. జి తగ్గి రక్తం మళ్లీ మెదడుకు చేరేటప్పుడు చేతులూ కాళ్లూ ఎగిరెగిరి పడతాయి. ఆ కొద్ది క్షణాల్లో చాలామందికి చిన్న చిన్న కలలు వస్తాయని ఈ విషయం మీద ఏళ్ల తరబడి పరిశోధించిన అమెరికా వైద్యుడు జేమ్స్ విన్నరీ నమోదు చేశారు. గాలిలో తేలుతున్నట్టు, ఆత్మీయులు ఎదురైనట్టు, లేవాలనుకుంటున్నా కదలలేకపోతున్నట్టు.

మెలకువ వచ్చాక కూడా మరో 12 సెకన్లు తికమక. తానెక్కడున్నాడో, ఏ పనిలో ఉన్నాడో తెలియదు. అలారం మోగుతుంటే వినపడుతుంది గానీ దానికి అర్థం తట్టదు. పూర్తిగా తేరుకున్న తర్వాత కూడా తాము స్పృహ తప్పామన్న సంగతే గుర్తులేనివాళ్లు చాలామంది. వీడియో చూపిస్తే తప్ప నమ్మరు.

మొత్తం 24 సెకన్లు. సెకనుకు 250 మీటర్ల వేగంతో ముక్కు నేలకు దించిన విమానం ఆ 24 సెకన్లలో ఆరు కిలోమీటర్లు కిందికి వచ్చేస్తుంది. చాలా పోరాట విన్యాసాలు జరిగేది అంతకన్నా తక్కువ ఎత్తులోనే. జి-లాక్‌ను వైమానిక దళాలు ఎందుకంత తీవ్రంగా తీసుకుంటాయో ఈ ఒక్క లెక్క చెబుతుంది.

2016 మేలో అమెరికాలోని అరిజోనా మీద సరిగ్గా ఇదే జరిగింది. ఎఫ్-16 నడపడం నేర్చుకుంటున్న ఒక పైలట్ 17 వేల అడుగుల ఎత్తున 8 జి పైచిలుకు మలుపులో స్పృహ తప్పాడు. విమానం ముక్కు నేలవైపు తిరిగింది. వేగం ధ్వని వేగాన్ని దాటింది. పక్క విమానంలోని శిక్షకుడు కోలుకోమని రేడియోలో మళ్లీ మళ్లీ కేకలు వేశాడు. జవాబు లేదు. తొమ్మిది వేల అడుగుల లోపుకు దిగాక, అంతకు రెండేళ్ల ముందే ఎఫ్-16లలో పెట్టడం మొదలుపెట్టిన ఒక కంప్యూటర్ వ్యవస్థ నేల మరీ దగ్గర పడిందని గ్రహించి నియంత్రణ తన చేతిలోకి తీసుకుంది. రెక్కలను సమంగా తిప్పి ముక్కు పైకెత్తింది. సరిగ్గా అప్పుడే తేరుకున్న పైలట్ కూడా స్టిక్ లాగాడు. విమానమూ మనిషీ క్షేమంగా ఇంటికి చేరారు. ఆ వీడియోను అమెరికా బయటపెట్టింది. అందులో వినిపించే శిక్షకుడి గొంతు ఏ పాఠ్యపుస్తకమూ నేర్పలేని పాఠం.

ఎలుకలతో మొదలై

విమానాలు యుద్ధంలోకి దిగిన మొదటి దశాబ్దంలోనే ఈ సమస్య బయటపడింది. దాన్ని తొలిసారి పద్ధతిగా కొలిచినవారిలో జిమ్మీ డూలిటిల్ ఒకరు. 1924లో అమెరికా ఒహాయోలోని మెకుక్ ఫీల్డ్‌లో ఆయన ఒక ఫోకర్ విమానానికి త్వరణాన్ని నమోదు చేసే పరికరం బిగించి, కావాలనే ఒకదాన్ని మించి మరొకటి కఠినమైన విన్యాసాలు చేశాడు. 7.8 జి వరకూ వెళ్లాడు. క్షణికంగా పడే ఎక్కువ భారాన్ని శరీరం ఓర్చుకుంటుందనీ, సుడి తిరుగుతూ నాలుగున్నర జినే ఎక్కువసేపు భరిస్తే చూపు పోతుందనీ ఆయన గమనించాడు. ఎంత భారం అన్నదొక్కటే చాలదు, ఎంతసేపు అన్నదీ ముఖ్యమే. మెదడులోని ఆ నాలుగైదు సెకన్ల ఆక్సిజన్ నిల్వే దీనికి కారణం.

ఈ నిల్వ ఉండబట్టే ఎజెక్షన్ సీటు సాధ్యమైంది. అది పేలి పైలట్‌ను బయటికి విసిరినప్పుడు 12 నుంచి 20 జి వరకూ పడుతుంది. సెకనులో కొద్ది భాగమే కాబట్టి స్పృహ పోదు. దెబ్బ తగిలేది వెన్నుపూసకు. ప్రాణాలతో బయటపడ్డ పైలట్లలో కొందరికి వెన్నెముక ఎముకలు నలిగి విరగడం అందువల్లే.

యుద్ధంలోకి దిగిన తొలి జి-సూటు కెనడాలో పుట్టింది. టొరంటో విశ్వవిద్యాలయంలో క్యాన్సర్ మీద పరిశోధిస్తున్న విల్బర్ ఫ్రాంక్స్‌కు సెంట్రిఫ్యూజ్‌లో గాజు గొట్టాలు పగిలిపోవడం పెద్ద బెడదగా ఉండేది. వాటిని ద్రవంలో ముంచి తిప్పితే పగలడం లేదని గమనించాడు. గాజును కాపాడిన ద్రవం ప్రాణిని కాపాడదా? ఎలుకలను నీళ్లు నింపిన రబ్బరు తొడుగుల్లో ఉంచి, తల మాత్రం బయటికి పెట్టి తిప్పాడు. మామూలుగా చచ్చిపోవాల్సిన భారాన్ని అవి తట్టుకున్నాయి. చుట్టూ ఉన్న నీరు కూడా జితో పాటు బరువెక్కి శరీరాన్ని బయటినుంచి నొక్కుతుంది. లోపల రక్తం ఎంత బలంగా కిందికి తోస్తే బయటినుంచి నీరు అంత బలంగా అడ్డుకుంటుంది.

ఈ సూత్రంతో ఫ్రాంక్స్ మనిషికి సూటు కుట్టించి, 1940లో విమానం ఎక్కి తన మీదే పరీక్షించుకున్నాడు. 1942 నవంబరులో ఉత్తర ఆఫ్రికా తీరంలో బ్రిటిష్ నౌకాదళ పైలట్లు దాన్ని వేసుకుని యుద్ధానికి వెళ్లారు. గాలి నిండే సూటు ఆలోచన ఆస్ట్రేలియాలో ఫ్రాంక్ కాటన్ చేశాడు. నీటి సూటు బరువు, ఉక్కపోత పైలట్లకు కష్టమయ్యేవి. చివరికి గాలి సూటే నిలిచింది. 1944 నాటికి అమెరికన్ పైలట్లు దాన్ని వేసుకుని ఎగిరేవారు. నేటి జి-సూటు దాని వారసురాలే.

సూటు, కండ, ఊపిరి

జి-సూటు ప్యాంటు లాగా ఉంటుంది. పొట్ట మీద ఒకటి, తొడల మీద రెండు, పిక్కల మీద రెండు, మొత్తం ఐదు గాలి సంచులు. ఎడమ పక్కనుంచి వచ్చే గొట్టాన్ని పైలట్ కాక్‌పిట్‌లోని కవాటానికి తగిలిస్తాడు. భారం సుమారు 2 జి దాటగానే కవాటం తనంతట తానే తెరుచుకుంటుంది. జి పెరిగేకొద్దీ సంచుల్లో గాలి పెరిగి కాళ్లనూ పొట్టనూ పిండుతుంది. ఇంత చేసినా సూటు ఇచ్చే అదనపు బలం ఒకటి, ఒకటిన్నర జి మాత్రమే. మన దేశంలో వీటిని బెంగళూరులోని రక్షణ పరిశోధన ప్రయోగశాల డెబెల్ రూపొందించింది.

మిగతాది పైలట్ తన ఒంటితో సంపాదించుకోవాలి. 9 జి దగ్గర 30 సెంటీమీటర్ల రక్తపు బరువు 207 మిల్లీమీటర్లు. కంటికి కాస్త మిగలాలంటే గుండె దగ్గర 230 దాకా ఉండాలి. ఉన్నది 95. ఈ లోటును పూడ్చడానికి పైలట్లు చేసేది బిగింపు శ్వాస. అమెరికాలోని మేయో క్లినిక్‌లో రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఎర్ల్ వుడ్ బృందం సెంట్రిఫ్యూజ్‌లో దీన్ని అధ్యయనం చేసింది.

పద్ధతి ఇదీ. జి పడకముందే పాదాలు, పిక్కలు, తొడలు, పిరుదులు, పొట్ట, వరుసగా కండలన్నీ బిగించాలి. ఛాతీ నిండా గాలి పీల్చి, గొంతు మూసి, ఆ గాలిని బయటికి తోస్తున్నట్టు లోపలే అదమాలి. ఛాతీలో పెరిగిన ఒత్తిడి గుండెను, పెద్ద ధమనులను నొక్కి రక్తాన్ని పైకి తోస్తుంది. మూడు సెకన్లకోసారి, సెకను కన్నా తక్కువ వ్యవధిలో, చటుక్కున కాస్త గాలి వదిలి మళ్లీ పీల్చుకోవాలి. ఎక్కువసేపు బిగపడితే కాళ్లనుంచి రక్తం గుండెకు తిరిగి రాదు. గాలి మరీ ఎక్కువ వదిలేస్తే ఛాతీ ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి అక్కడే స్పృహ తప్పవచ్చు. గొంతు సరిగ్గా మూసుకునేలా ‘హుక్’ అనమని శిక్షకులు నేర్పుతారు. కాక్‌పిట్ రికార్డింగుల్లో వినిపించే ఆ మూలుగు నొప్పితో వచ్చింది కాదు, మెదడుకు రక్తం చేరుతున్నదని చెప్పే చప్పుడు అది. చక్కగా చేస్తే ఈ బిగింపు మూడు నుంచి నాలుగు జి అదనంగా ఇస్తుంది. సహజమైన నాలుగు, సూటు ఒకటిన్నర, బిగింపు మూడున్నర. తొమ్మిది ఇలా పూర్తవుతుంది. ఈ కూడికలో ఏ అంకె తగ్గినా మొత్తం తప్పుతుంది.

ఇదంతా చేస్తూనే పైలట్ వెనక్కి తిరిగి శత్రువును చూడాలి, రేడియోలో మాట్లాడాలి, విమానం నడపాలి. ఒక పోరాట విన్యాసం ముగిసేసరికి చెమటతో తడిసి ముద్దవుతారు.

బెంగళూరు తిరుగుడు యంత్రం

ఈ విద్యను నేల మీదే నేర్పడానికి సెంట్రిఫ్యూజ్ ఉంది. పొడవాటి ఉక్కు చేయి, దాని చివర ఒక గది. గదిలో పైలట్‌ను కూర్చోబెట్టి చేతిని గిరగిరా తిప్పుతారు. 1957లో మొదలైన బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్‌లో మన పైలట్లకు ఈ శిక్షణ ఇస్తారు. గగన్‌యాన్ వ్యోమగాముల ఎంపిక పరీక్షలు కూడా అక్కడే జరిగాయి.

గదిలో పైలట్ ఎదురుగా అడ్డంగా ఒక దీపాల వరుస ఉంటుంది. మధ్యలో ఒక దీపం, రెండు చివరలా మరో రెండు. చూపు మధ్య దీపం మీదే నిలపాలి. జి పెరుగుతుంటే చివరి దీపాలు ఆరిపోయినట్టు అనిపిస్తుంది. వాటిని ఎవరూ ఆర్పలేదు, రెటీనా అంచులు ఆరిపోయాయి. కండలు బిగించి ‘హుక్’ అంటే మళ్లీ వెలుగుతాయి. తన బిగింపు ఎంత పనిచేస్తోందో పైలట్ తన కళ్లతోనే చూసుకుంటాడు. బయట వైద్యుడు అతని గుండె లయను, ముఖాన్ని తెర మీద గమనిస్తూ, ఏ క్షణాన్నైనా ఆపడానికి సిద్ధంగా ఉంటాడు. అనేక వైమానిక దళాల్లో 9 జి దగ్గర 15 సెకన్లు నిలవడం అర్హత పరీక్ష.

ఎవరు బాగా నిలుస్తారు? పొడగరుల కన్నా కాస్త పొట్టిగా, గట్టిగా ఉన్నవాళ్లకు కొద్దిపాటి అనుకూలత ఉంటుంది. గుండెకూ కంటికీ దూరం తక్కువ కదా. కండబలం కలిసొస్తుంది కాబట్టి పైలట్లకు బరువులెత్తే వ్యాయామం తప్పనిసరి. ఆడవాళ్లు తట్టుకోలేరన్నది అపోహ. 1980లలోనే సెంట్రిఫ్యూజ్ పరీక్షలు స్త్రీ పురుషుల జి సామర్థ్యంలో చెప్పుకోదగ్గ తేడా లేదని తేల్చాయి. అయినా మన దేశంలో ఆ తలుపు తెరుచుకోవడానికి 2016 వరకూ ఆగాల్సి వచ్చింది. ఆ ఏడాది జూన్ 18న హైదరాబాద్ శివారు దుండిగల్‌లోని ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో అవని చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ యుద్ధ విమాన విభాగంలో చేరిన తొలి మహిళలుగా కవాతు చేశారు.

తలకిందులైతే, వెల్లకిలైతే

ఇప్పటిదాకా చెప్పింది రక్తం కాళ్లవైపు దిగే భారం గురించి. విమానం ముక్కును గబుక్కున కిందికి తోస్తే దీనికి వ్యతిరేకం జరుగుతుంది. రక్తం తలకెక్కుతుంది. ముఖం ఉబ్బుతుంది, కళ్లలోని సన్నని నాళాలు చిట్లుతాయి. మెడలోని నాడులు పీడనం పెరిగిందని గుండెను నెమ్మదింపజేస్తాయి. దీనికి సూటూ లేదు, బిగింపూ లేదు. రెండు మూడు జిని మించి మనిషి ఓర్చలేడు. ఇంకో చిక్కు కూడా ఉంది. ముక్కు తోసి, వెంటనే స్టిక్ లాగితే, అప్పటికే నెమ్మదించి రక్తనాళాలను వదులు చేసుకున్న గుండె మీద ఒక్కసారిగా భారం పడుతుంది. మామూలుగా తేలిగ్గా భరించే 4, 5 జి దగ్గరే స్పృహ తప్పవచ్చు. అనుభవజ్ఞులను కూడా దెబ్బతీసే వల ఇది.

మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ నుంచి వీపువైపు భారం పడేలా చేస్తే కథే మారిపోతుంది. గుండె, కన్ను దాదాపు ఒకే మట్టానికి వస్తాయి. పైకెక్కించాల్సిన ఎత్తే ఉండదు. రాకెట్లలో వ్యోమగాములను పడుకోబెట్టేది ఇందుకే. 1975 ఏప్రిల్ 5న సోవియట్ సోయుజ్ రాకెట్ మధ్యలో విఫలమై వాసిలీ లాజరెవ్, ఒలెగ్ మకరోవ్ ఉన్న నౌక నిట్టనిలువుగా వాతావరణంలోకి పడింది. భారం 21 జి దాటింది. ఇద్దరూ బతికారు. అంతకుముందు 1954 డిసెంబరు 10న అమెరికా వైద్యుడు జాన్ పాల్ స్టాప్ న్యూమెక్సికోలో రాకెట్ బండి మీద గంటకు 1,017 కిలోమీటర్ల వేగం అందుకుని 1.4 సెకన్లలో ఆగాడు. క్షణకాలం 46 జి పడింది. కళ్లలో రక్తం చిమ్మి కాసేపు చూపు పోయింది, తిరిగొచ్చింది. ఆయన 89 ఏళ్లు బతికాడు. పట్టీలు సరిగ్గా ఉంటే మనిషి ఎంత గట్టివాడో తన శరీరంతో నిరూపించి, కార్లలో సీటు బెల్టు తప్పనిసరి చేయాలని జీవితాంతం పోరాడాడు.

మరి యుద్ధ విమానంలోనూ పైలట్‌ను పడుకోబెట్టవచ్చు కదా? ఎఫ్-16 సీటు 30 డిగ్రీలు వెనక్కి వాలి ఉంటుంది. దానివల్ల వచ్చే లాభం స్వల్పం. నిజమైన ఫలితం రావాలంటే 60 డిగ్రీలు దాటి వాలాలి. అలా పడుకుంటే ముందూ వెనకా చూడలేడు, తల తిప్పలేడు. యుద్ధం చేయలేడు.

మిగిలిపోయే గాయాలు

స్పృహ తప్పడం గురించి అందరూ మాట్లాడతారు. రోజూ జరిగే అరుగుదల గురించి తక్కువ. 58 కిలోల తలను వెనక్కి తిప్పి చూసే మెడ ఎన్నాళ్లని ఓర్చుకుంటుంది? మెడనొప్పి, డిస్కుల అరుగుదల యుద్ధ పైలట్లలో సర్వసాధారణం. హెల్మెట్ మీద రాత్రి చూపు అద్దాలు, గురి చూపే తెరలు చేరేకొద్దీ ఆ బరువు పెరుగుతోంది. ముంజేతుల మీద, వీపు మీద, పిరుదుల మీద సన్నని రక్తనాళాలు చిట్లి ఎర్రని చుక్కలు దద్దుర్లలా లేస్తాయి. శుద్ధ ఆక్సిజన్ పీలుస్తూ ఎక్కువ జి పడితే ఊపిరితిత్తుల అడుగు భాగం ముడుచుకుపోయి, దిగిన తర్వాత పొడిదగ్గు, ఛాతీనొప్పి వస్తాయి.

ఇక శరీరం రోజూ ఒకేలా ఉండదు. నిన్న 9 జి తట్టుకున్నవాడు ఈరోజు తట్టుకుంటాడన్న హామీ లేదు. రాత్రి నిద్ర చాలకపోయినా, నీళ్లు తక్కువ తాగినా, ఉదయం ఏమీ తినకపోయినా, జ్వరం నుంచి పూర్తిగా కోలుకోకపోయినా, కొన్నాళ్లు ఎగరకుండా ఉన్నా సామర్థ్యం పడిపోతుంది. మన వేసవిలో, ఎండలో నిలిచిన విమానంలో, సూటు బిగించుకుని అనుమతి కోసం ఎదురుచూసే పైలట్ గాలిలోకి లేవకముందే చాలా చెమట కోల్పోగలడు. ఆ చెమట రక్తంలోంచి వచ్చిందే.

విమానం శక్తి పెంచడానికి ఇంజినీర్లకు ఇంకా దారులున్నాయి. మనిషి గుండెకూ కంటికీ మధ్య ఉన్న 30 సెంటీమీటర్లను తగ్గించే దారి ఎవరికీ లేదు. యుద్ధ విమానంలో అన్నిటికన్నా ముందు పరిమితిని చేరుకునే భాగం పైలటే. కాబట్టి కొత్త విమానం కొనేటప్పుడు దాని ఇంజిను, క్షిపణుల గురించి అడిగినంత శ్రద్ధగా, పైలట్ స్పృహ తప్పితే తనంతట తానే పైకి లేచే వ్యవస్థ అందులో ఉందా అని కూడా మనం అడగాలి. అరిజోనాలో అది ఒక ప్రాణాన్ని నిలబెట్టింది. మన దళంలో ఎగిరే ప్రతి యుద్ధ విమానంలోనూ అది ఉండాలి. దానితో పాటే పైలట్లకు చాలినంత విశ్రాంతి, క్రమం తప్పని సెంట్రిఫ్యూజ్ శిక్షణ ఉండాలి. ఈరోజు ఒంట్లో బాగాలేదని పైలట్ చెబితే దాన్ని పిరికితనంగా చూడని వాతావరణం ఉండాలి. ఆ మాట చెప్పగలిగిన పైలటే ఎక్కువ కాలం ఎగురుతాడు.